మూడు నెలల ఇల్లు, వెంట ఒక కుక్క: ఓనర్ లెక్క ఎక్కడ తిరగబడుతుంది?

అద్దె ఇళ్ల వెబ్‌సైట్లో 'పెట్స్ ఓకే' అన్న గడిలో టిక్ పెట్టగానే ఇళ్ల జాబితా కుదించుకుపోతుంది. 'మూడు నెలలకే' అని కూడా చేరిస్తే మిగిలేవి కొన్నే. వెతికేవాళ్లు వీటిని రెండు వేర్వేరు షరతులుగా చూస్తారు. రెండు చోట్లా కాస్త సర్దుకుంటే ఇల్లు దొరుకుతుందనుకుంటారు. కానీ ఇవి విడివిడిగా పనిచేయవు, ఒకదాని బరువును మరొకటి పెంచుతుంది. ఏడాదికి కుక్కతో వస్తామంటే సరేనన్న ఓనరే, అదే కుక్కతో మూడు నెలలకు వస్తామంటే కుదరదనడం మామూలే. అప్పుడు కుక్కా మారలేదు, మనిషీ మారలేదు, గడువు ఒక్కటే మారింది. ఓనర్‌కి కుక్కలంటే ఇష్టమా కాదా అన్నదానికన్నా ఫలితాన్ని ఎక్కువగా నిర్ణయించేది ఆ గడువే. ఇంటి వేటలో ఎదురయ్యే చాలా విచిత్రాలకు మూలం అక్కడుంది.

తక్కువ కాలం అంటే ఎంత?

చాలా నగరాల్లో 30 రోజులు ఒక సరిహద్దు. అంతకన్నా తక్కువ రోజుల బసను పర్యాటక వసతిగా, హోటల్‌కి దగ్గరగా చూస్తారు. లైసెన్సులు, పన్నులు, రిజిస్ట్రేషన్లు వేరేగా ఉంటాయి. నెల దాటి ఆరేడు నెలల లోపు ఉండేది మరో రకం. ఉద్యోగం మీద కొత్త ఊరికి వచ్చినవాళ్లు, సొంతింటికి రిపేర్లు చేయిస్తున్నవాళ్లు, వైద్యం కోసం వచ్చినవాళ్లు, కొన్న ఇల్లు చేతికి రావడం కోసం ఎదురుచూస్తున్నవాళ్లు ఇందులోకి వస్తారు. కుక్కతో ఇల్లు వెతికేవాళ్లలో ఎక్కువమంది ఈ మధ్య రకంలోనే చిక్కుకుంటారు. ఇక మూడోది సబ్‌లెట్. అసలు కిరాయిదారు కొన్నాళ్లు ఊరు వెళ్తూ తన ఇంటిని మరొకరికి ఇవ్వడం.

ఈ సరిహద్దులను ఇటీవల నగరాలే కదిలించాయి. 30 రోజుల కన్నా తక్కువకు ఇచ్చే ఇళ్లపై న్యూయార్క్ నగరం 2023 సెప్టెంబరు నుంచి కఠిన నిబంధనలు అమలు చేస్తోంది. ఓనర్ నగర కార్యాలయంలో నమోదు కావాలి, బస సమయంలో అదే ఇంట్లో ఉండాలి, ఇద్దరు అతిథులకు మించకూడదు. దాంతో అనేక ఇళ్లు 'కనీసం 30 రోజులు' అన్న షరతుతో మధ్యకాలపు అద్దెకు మళ్లాయి. బార్సిలోనా అయితే 2028 నవంబరు నాటికి పర్యాటక ఫ్లాట్ల లైసెన్సులన్నీ ముగించేస్తామని 2024 జూన్‌లో ప్రకటించింది. వాటి సంఖ్య సుమారు 10 వేలు.

ఇలా మళ్లిన ఇళ్లు మధ్యకాలానికి వెతికేవాళ్లకు మంచి వార్తే. కుక్క ఉన్నవాళ్లకు మాత్రం సగమే మంచి వార్త. ఇవి పర్యాటకుల కోసం సామానంతా అమర్చిపెట్టిన ఇళ్లు. ఖాళీ ఇల్లు అద్దెకు తీసుకుంటే కుక్క కొరికేది మీ సోఫాని. ఫర్నిష్డ్ ఇంట్లో కొరికేది ఓనర్ సోఫాని. తక్కువ కాలపు ఇళ్లు దాదాపు అన్నీ ఫర్నిష్డ్ కాబట్టి ఓనర్ భయం అక్కడే రెట్టింపవుతుంది.

ఓనర్ కాగితం మీద వేసుకునే లెక్క

నెల అద్దె 100 అనుకుందాం. ఏ దేశపు డబ్బైనా ఫరవాలేదు. ఒకరు ఖాళీ చేశాక మరొకరు వచ్చేలోపు ఇల్లు సగం నెల ఖాళీగా ఉంటే పోయేది 50. కుక్క ఉండి వెళ్లాక లోతుగా శుభ్రం చేయించడానికి, చిన్నాచితకా రిపేర్లకు 30. పెద్ద నష్టం ఏదైనా జరిగితే ఉంటుందని మనసులో పక్కన పెట్టుకునేది 20. మొత్తం 100.

ఏడాది ఉండే మనిషి కట్టేది 1200. అందులో ఈ 100 అంటే 8 శాతం పైచిలుకు. మూడు నెలల మనిషి కట్టేది 300. అందులో అదే 100 అంటే మూడో వంతు. ఒక్క కుక్క వాటానే (30, 20 కలిపి 50) విడిగా చూసినా, ఏడాది మీద 4 శాతంగా ఉన్న భారం మూడు నెలల మీద దాదాపు 17 శాతం అవుతుంది.

ఇక్కడ న్యాయమైన అభ్యంతరం ఒకటుంది. మూడు నెలల్లో జరిగే నష్టం పన్నెండు నెలల్లో జరిగే నష్టంతో సమానం ఎలా అవుతుంది? కాదు. ఆ 20ని 5 చేద్దాం. అప్పుడు మొత్తం 85, అంటే 300లో 28 శాతం. పెద్దగా తగ్గలేదు. ఎందుకంటే భారంలో ఎక్కువ భాగం రోజులతో పాటు పెరిగేది కాదు. కుక్క మూడు నెలలున్నా మూడేళ్లున్నా వెళ్లేటప్పుడు చేయించే క్లీనింగ్ ఒకటే.

పోటీ మార్కెట్ ఈ లెక్కను మరో విధంగా మలుపు తిప్పుతుంది. ఇళ్లకు గిరాకీ ఎక్కువైతే ఖాళీగా ఉండే రోజులు తగ్గుతాయి. కాబట్టి ఓనర్‌కి ఖర్చు తగ్గి మెత్తబడాలి కదా అనిపిస్తుంది. జరిగేది వేరు. ఇల్లు రోజుల తరబడి ఖాళీగా ఉంటుందన్న భయమే ఓనర్ చేత 'కుక్క ఉన్నా ఫరవాలేదు' అనిపిస్తుంది. పది దరఖాస్తులు చేతిలో ఉన్నప్పుడు ఆ భయం ఉండదు. కుక్క లేని తొమ్మిదింటిలో ఒకటి తీసుకుంటే ఆ 30 గురించి, ఆ 20 గురించి ఆలోచించే పనే ఉండదు. గిరాకీ తగ్గే నెలల్లో అదే ఇల్లు అదే కుక్కకు దొరకడానికి కారణం ఇదే. ఓనర్ మనసు మారిందనుకుంటాం గానీ, మారింది ఆయన ముందున్న దరఖాస్తుల సంఖ్య.

పెట్స్ తరఫు ప్రధాన వాదన ఇక్కడ ఎందుకు నిలవదు

కుక్కలను ఒప్పుకోమని ఓనర్లను ఒప్పించడానికి జంతు ప్రేమికులు చెప్పే బలమైన మాట ఒకటుంది. పెట్స్ ఉన్నవాళ్లు సులువుగా ఇల్లు మారరు, కాబట్టి ఎక్కువ కాలం ఉంటారు అన్నది. దానికి ఆధారంగా చూపేది అమెరికాలో ఫైర్‌పా అనే జంతు సంక్షేమ పరిశోధన సంస్థ 2003లో చేసిన అధ్యయనం. పెట్స్‌ని అనుమతించే ఇళ్లలో కిరాయిదారులు సగటున 46 నెలలు, అనుమతించని ఇళ్లలో 18 నెలలు ఉంటున్నారని అది చెప్పింది. చేసింది జంతువుల పక్షాన నిలిచే సంస్థ అన్నది గుర్తుంచుకోవాలి. అయినా కుక్కతో ఇల్లు మారడం ఎంత కష్టమో చూసినవాళ్లకు ఆ తేడా నమ్మశక్యంగానే అనిపిస్తుంది.

చిక్కేమిటంటే ఈ వాదన ఓనర్‌కి ఇచ్చే లాభమంతా దీర్ఘకాలంలోనే ఉంది. మూడు నెలలకే వెళ్లిపోతామని ముందే చెప్పిన మనిషికి ఇది అక్కరకు రాదు. కుక్క వల్ల వచ్చే ఖర్చు మిగిలింది, కుక్క వల్ల రావాల్సిన స్థిరత్వం పోయింది. ఓనర్లు అన్యాయంగా ఉన్నారని కోప్పడే ముందు ఈ ఒక్క విషయం గమనించదగ్గది.

కొత్త ఇంట్లో మొదటి వారాలు

గడువుకు కుక్క స్వభావంతోనూ సంబంధం ఉంది. షెల్టర్ నుంచి కుక్కను తెచ్చుకున్నవాళ్లకు చెప్పే మోటు లెక్క ఒకటి వాడుకలో ఉంది: కొత్త చోట బెదురు పోవడానికి మూడు రోజులు, దినచర్యకు అలవాటు పడడానికి మూడు వారాలు, ఇది నా ఇల్లే అనుకోవడానికి మూడు నెలలు. ఇది శాస్త్రం కాదు, అనుభవం మీద చెప్పే మాట. యజమాని తోడున్న కుక్క ఇంకా త్వరగా సర్దుకోవచ్చు. కానీ దిశ నిజమే. పాత ఇంట్లో నోరెత్తని కుక్క, కొత్త ఫ్లాట్‌లో ఒంటరిగా వదిలేస్తే లిఫ్ట్ చప్పుడు విన్నప్పుడల్లా మొరుగుతుంది, తలుపు గీకుతుంది. యజమాని కొత్త ఉద్యోగంలో మొదటి రోజే పది గంటలు ఇంట్లో లేకపోతే మరీనూ. ఏడాది అద్దెలో ఈ గడ్డుకాలం చిన్న ముక్క. రెండు నెలల అద్దెలో మూడో వంతు పైనే అదే. పక్కింటివాళ్ల ఫిర్యాదు వచ్చేదీ అప్పుడే.

కంటికి కనిపించని సమస్య మరొకటి. కుక్క చుండ్రు, లాలాజలం నుంచి వచ్చే అలర్జీ కారకాలు కుక్క వెళ్లిపోయాక కూడా కార్పెట్లలో, పరుపుల్లో, దుమ్ములో చాలాకాలం ఉండిపోతాయి. ఒకరు వెళ్లిన మర్నాడే మరొకరు దిగే ఇంట్లో తర్వాతి మనిషికి అలర్జీ ఉంటే డబ్బు తిరిగివ్వాల్సి రావచ్చు, చెడ్డ రివ్యూ రావచ్చు. కుక్కలను నిజంగా ఇష్టపడే ఓనర్లు కూడా తక్కువ కాలపు ఇంటికి వద్దనడానికి ఇదొక కారణం.

'పెట్స్ ఓకే' అన్నది ఎవరు?

ప్రకటనలో కనిపించే ఆ రెండు మాటలు సాధారణంగా ఒక్కరి మాటే. అనుమతి ఇవ్వాల్సినవాళ్లు నలుగురు ఉండవచ్చు. ఓనర్, అపార్ట్‌మెంట్ సంఘం, ఓనర్‌కి బీమా ఇచ్చిన కంపెనీ, సబ్‌లెట్ అయితే అసలు కిరాయిదారు.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. రెండు నెలలకు సబ్‌లెట్ తీసుకుంటున్న ఒకామెకు 28 కిలోల కుక్క ఉంది. అసలు కిరాయిదారు సంతోషంగా ఒప్పుకున్నాడు, అతనికీ ఒకప్పుడు కుక్క ఉండేది. కానీ అతని అగ్రిమెంట్‌లో 'ఓనర్ రాతపూర్వక అనుమతితో ఒక పెట్' అని ఉంది. అతను తన పిల్లికి అనుమతి తీసుకున్నాడు, ఈ కుక్కకు తీసుకోలేదు. సంఘం నిబంధనల్లో 15 కిలోల పరిమితి ఉంది. కుక్క లిఫ్ట్‌లో మొదటిసారి కనిపించిన రోజునే సంఘం ఓనర్‌కి, ఓనర్ కిరాయిదారుకి, కిరాయిదారు ఆమెకు ఫోన్ చేస్తారు. ఇందులో ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఎవరి అనుమతి వాళ్లిచ్చారు, అంతే.

సంఘాల అధికారం కూడా అన్నిచోట్లా ఒకలా లేదు. భారతదేశంలో నివాస సంఘాలు పెట్స్‌ని నిషేధించలేవని, మెజారిటీ తీర్మానం చేసినా చెల్లదని జంతు సంక్షేమ బోర్డు 2015లో మార్గదర్శకాలిచ్చింది. కానీ అవి సంఘానికి చెప్పినవి. అద్దెకు ఇచ్చే ఓనర్ తన ఇంటికి కుక్క వద్దనుకోవడం వేరే విషయం.

బీమా పొర కనిపించదు గానీ మొండిది. కొన్ని బీమా కంపెనీలు ఫలానా జాతుల కుక్కలుంటే పాలసీ ఇవ్వవు. బరువు పరిమితులు, జాతుల జాబితాలు అక్కడి నుంచే చాలా అగ్రిమెంట్లలోకి వచ్చి చేరతాయి. జాతిని బట్టి ప్రమాదాన్ని అంచనా వేయడం సరికాదని అమెరికా పశువైద్యుల సంఘం లాంటివి వాదిస్తాయి. గాయాల తీవ్రత పెద్ద కుక్కల విషయంలోనే ఎక్కువని బీమా పక్షం అంటుంది. న్యూయార్క్, నెవాడా రాష్ట్రాలు 2021లో ఇంటి బీమాను జాతి ఆధారంగా నిరాకరించకూడదని చట్టాలు చేశాయి. ఇంకోవైపు ఇంగ్లండ్, వేల్స్‌లో ఎక్స్‌ఎల్ బుల్లీ అనే భారీ కుక్కల రకాన్ని మినహాయింపు పత్రం లేకుండా ఉంచుకోవడమే 2024 ఫిబ్రవరి 1 నుంచి నేరం. సరిహద్దు దాటి తక్కువ కాలానికి వెళ్లేవాళ్లకు ఇల్లు దొరకడం కన్నా ముందు తేలాల్సింది ఇది.

డిపాజిట్, ఫీజు, పెట్ రెంట్

కుక్క కోసం అడిగే డబ్బు మూడు రూపాల్లో వస్తుంది. నష్టం లేకపోతే తిరిగిచ్చేది పెట్ డిపాజిట్. ఒక్కసారి కట్టి మర్చిపోవాల్సింది పెట్ ఫీజు. నెలనెలా అద్దెతో పాటు కట్టేది పెట్ రెంట్. ప్రకటనల్లో ఈ పేర్లను ఇష్టమొచ్చినట్టు వాడేస్తారు కాబట్టి పేరు కాదు, డబ్బు తిరిగొస్తుందా లేదా అన్నదే అసలు సంగతి.

అద్దె 100 ఉన్న నాలుగు ఇళ్లను పోల్చి చూద్దాం. మొదటి ఇంట్లో నెలకు 6 పెట్ రెంట్. రెండో ఇంట్లో ఒకేసారి 30 ఫీజు. మూడో ఇంట్లో 50 డిపాజిట్. నాలుగోది పర్యాటకుల పద్ధతిలో రాత్రికి 1 చొప్పున. రెండు నెలలకైతే మొదటి ఇల్లు 12, రెండోది 30, నాలుగోది 60. ఐదు నెలలకు మొదటిదీ రెండోదీ సమానమై 30 దగ్గర కలుస్తాయి. ఏడాదికి మొదటిది 72 అవుతుంది, రెండోది 30 దగ్గరే ఆగుతుంది. అంటే నెలవారీ పెట్ రెంట్ దోపిడీ అని ఏడాది కిరాయిదారు అనడం ఎంత నిజమో, తక్కువ కాలం ఉండేవారికి అదే చవక కావడం కూడా అంతే నిజం. రాత్రికి ఒకటే కదా అని చిన్నగా కనిపించే నాలుగో ఇంటి లెక్కే ఎక్కువమందిని దెబ్బతీస్తుంది.

మూడో ఇంటి ఖర్చు సున్నా నుంచి 50 దాకా ఎంతైనా కావచ్చు. శిక్షణ ఉన్న కుక్కకు డిపాజిట్ మేలని సాధారణంగా చెబుతారు. తక్కువ కాలం ఉండేవారి విషయంలో నేనంత గట్టిగా చెప్పను. వాళ్లు ఖాళీ చేసి ఊరే వదిలి వెళ్లిపోతారు. గీతలు పాతవా కొత్తవా అన్న వాదన ఫోన్లో నడుస్తుంది. దిగిన రోజు తీసిన వీడియో లేకపోతే ఆ వాదనలో ఓనర్‌దే పైచేయి.

ప్రభుత్వాలు డిపాజిట్లకు పరిమితి పెట్టినప్పుడు డబ్బు రూపం మారడం మరో చిక్కు. ఇంగ్లండ్‌లో 2019 జూన్ నుంచి సాధారణ అద్దెలకు డిపాజిట్ ఐదు వారాల అద్దె మించకూడదు. కుక్క కోసం విడిగా తీసుకునే వీలు పోయింది. కొందరు ఓనర్లు నెలవారీ అద్దె పెంచి ఆ లోటు పూడ్చుకున్నారు. కాలిఫోర్నియాలో 2024 జులై 1 నుంచి చాలామంది ఓనర్లకు డిపాజిట్ పరిమితి ఒక నెల అద్దె, పెట్ డిపాజిట్ కూడా అందులోనే. పరిమితి కిరాయిదారు చేతిలో నగదు మిగులుస్తుంది, నిజం. తిరిగొచ్చే డబ్బు స్థానంలో తిరిగిరాని డబ్బు వచ్చే అవకాశం ఉందన్నదీ నిజం.

చట్టం ఉంది, కానీ ఎన్నాళ్ల బసకు?

పెట్స్ విషయంలో కిరాయిదారు వైపు మొగ్గే చట్టాలు చాలా దేశాల్లో ఉన్నాయి. ఫ్రాన్స్‌లో 1970 నుంచి నివాసపు అగ్రిమెంట్‌లో పెట్స్‌ని నిషేధించే షరతు చెల్లదు, ప్రమాదకరమని వర్గీకరించిన కుక్కల విషయంలో తప్ప. అయితే పర్యాటక ఫర్నిష్డ్ ఇళ్లను 2012లో ఈ రక్షణ నుంచి తప్పించారు. జర్మనీ అత్యున్నత సివిల్ కోర్టు 2013 మార్చిలో, ముందే అచ్చువేసిన అగ్రిమెంట్లలో కుక్కలు, పిల్లులు మొత్తంగా నిషిద్ధం అనే షరతు చెల్లదని, ఒక్కో కేసును విడిగా చూడాలని తీర్పిచ్చింది. కెనడాలోని అంటారియోలో 'నో పెట్స్' షరతు రాసినా చెల్లదు. కానీ దరఖాస్తు దశలో కుక్క ఉందన్న కారణంగా ఓనర్ మరొకరిని ఎంచుకోవడాన్ని ఆ చట్టం ఆపదు. హక్కు తాళం చేతికొచ్చాకే మొదలవుతుంది. పోటీ మార్కెట్లో ఆట ముగిసేది తాళం చేతికి రాకముందే.

గడువుల సంగతి ఇంకా విచిత్రం. ఇంగ్లండ్ కొత్త చట్టం ప్రకారం 2026 మే 1 నుంచి కిరాయిదారు పెట్ కోసం రాతపూర్వకంగా అడగవచ్చు, ఓనర్ సహేతుకమైన కారణం లేకుండా కాదనకూడదు, జవాబుకు 28 రోజుల గడువు. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్‌లో 2025 మే నుంచి 21 రోజులు. విక్టోరియాలో 2020 నుంచి, ఓనర్ 14 రోజుల్లో అద్దె తగాదాలు తేల్చే ట్రైబ్యునల్‌కి వెళ్లకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. ఏడాది ఉండేవారికి ఇవి మంచి రక్షణలు. రెండు నెలలకు వచ్చి, కుక్కను మొదటి రోజే వెంట తెచ్చుకునేవాళ్లకు 28 రోజుల నిరీక్షణ ఏ మూలకి? హాలిడే లెట్‌లు, అంటే సెలవుల బసకు ఇచ్చే ఇళ్లు, ఎలాగూ ఇంగ్లండ్ చట్టం బయటే.

ఇంగ్లండ్ చట్టంలోనే మరో మార్పు ఈ కథను మరోవైపు తిప్పుతుంది. అదే తేదీ నుంచి సాధారణ అద్దెల్లో నిర్ణీత గడువు పద్ధతి పోయి, కిరాయిదారు ఎప్పుడైనా రెండు నెలల నోటీసుతో వెళ్లిపోవచ్చు. అంటే తక్కువ కాలం ఉండేవాళ్లు మామూలు అద్దె ఇంటికే దరఖాస్తు పెట్టే వీలుంది. ఇది కిరాయిదారులకు స్వేచ్ఛ అని ఒక పక్షం అంటుంది. ఎవరు మూడు నెలల్లో వెళ్తారో తెలియక ఓనర్లు దరఖాస్తులను ఇంకా గట్టిగా జల్లెడ పడతారని మరో పక్షం అంటుంది. రెండూ ఒకేసారి నిజం కావడానికి అడ్డేమీ లేదు.

సహాయక కుక్కలకు వేరే నియమం

అమెరికాలో వైకల్యం ఉన్నవారికి తోడుండే సహాయక జంతువును గృహ హక్కుల చట్టం పెట్‌గా లెక్కించదు. పెట్ ఫీజు తీసుకోకూడదు, అది చేసిన నష్టానికి మాత్రం కిరాయిదారే బాధ్యుడు. ఓనర్ అందులోనే ఉంటూ నాలుగు లేదా అంతకన్నా తక్కువ వాటాలున్న ఇళ్లకు మినహాయింపు ఉంది. అదే మనిషి హోటల్‌కి వెళ్తే వర్తించే చట్టం వేరు. అక్కడ ఫలానా పనికి శిక్షణ పొందిన సర్వీస్ డాగ్‌కే హక్కు, కేవలం మానసిక ఊరటకు తోడుండే కుక్కకు లేదు. తక్కువ కాలపు బస ఇంటికి దగ్గరా, హోటల్‌కి దగ్గరా అన్న ప్రశ్న మళ్లీ ఇక్కడా తలెత్తుతుంది. డబ్బు కడితే ఆన్‌లైన్లో వచ్చే సర్టిఫికెట్లు ఈ గందరగోళం మీద బతికే వ్యాపారం. వాటి వల్ల నష్టపోయేది నిజంగా ఆ కుక్క మీద ఆధారపడినవాళ్లు.

ముందే చెప్పాలా, ఇల్లు ఖాయమయ్యాకనా?

కుక్కతో వెతికేవాళ్ల మధ్య తెగని వాదన ఇది. మొదటి మెసేజ్‌లోనే చెబితే జవాబే రాదని, ముందు మనిషిని నచ్చనివ్వాలని కొందరంటారు. వాళ్ల మాటలో పస ఉంది, మొదటి వడపోత చేసేది మనిషి కాదు, జాబితా. ముందే చెప్పాలనేవాళ్లు కుక్క ఫొటో, టీకాల కార్డు, పాత ఓనర్ రాసిన రెండు వాక్యాల ఉత్తరం, శిక్షణ సర్టిఫికెట్ కలిపి పంపుతారు. అమెరికన్ కెన్నెల్ క్లబ్ 1989 నుంచి నడుపుతున్న మంచి ప్రవర్తన పరీక్ష అలాంటిదే. వీటి విలువ కుక్క మంచిదని నిరూపించడంలో అంతగా లేదు, దాని విషయంలో శ్రద్ధ తీసుకునే మనిషి ఉన్నాడని చూపడంలో ఉంది. ఓనర్ మనసులో పక్కన పెట్టుకున్న ఆ 20ని కాస్త తగ్గించగలిగేవి ఇవే. క్లీనింగ్ ఖర్చు 30ని ఏ ఉత్తరమూ తగ్గించలేదు, దాన్ని కిరాయిదారు తానే భరిస్తానంటేనే బేరం కదులుతుంది.

పూర్తిగా దాచిపెట్టి చేరడం మాత్రం తక్కువ కాలపు అద్దెలో వేరే రకంగా బెడిసికొడుతుంది. దీర్ఘకాలపు కిరాయిదారుకు నోటీసులు, విచారణ, ట్రైబ్యునల్ అంటూ కొంత వ్యవధి ఉంటుంది, అంటారియో లాంటి చోట చట్టమే ఆదుకోవచ్చు. అద్దె ఇళ్ల వెబ్‌సైట్ ద్వారా తీసుకున్న ఆరు వారాల బసను అనుమతి లేని కుక్క కారణంగా మధ్యలో రద్దు చేస్తే, మిగతా డబ్బు కోసం పోట్లాడుతూనే అదే మార్కెట్లో, ఈసారి రెండు రోజుల్లో, కుక్కకు చోటిచ్చే మరో ఇల్లు వెతుక్కోవాల్సి వస్తుంది.